తోమేది మనం, తూకం వాళ్ళది

శ్రావణమాసం వస్తోందంటే మహిళా పేజీల నిండా ఒకటే చిట్కాలు. నగలు తళతళలాడాలంటే ఇలా చేయండి, అలా చేయండి. ఆ ‘చేయండి’ ఎవరికి చెప్తున్నారో అడగక్కర్లేదు. నగ ఎవరిదన్న మాట మాత్రం ఏ చిట్కాలోనూ ఉండదు.

మా అమ్మకి ఆ చిట్కాల అవసరం లేదు. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందే కుంకుడుకాయలు కొట్టి, వేణ్ణీళ్ళలో నానేసి రసం తీసేది. కాసులపేరు కాసేపు అందులో ఉంచి, అరిగిన మెత్తటి బ్రష్షుతో కాసుల వెనక పేరుకున్న పసుపూ, చెమట జిడ్డూ వదలగొట్టేది. గుట్టపూసల హారాన్ని మాత్రం నీళ్ళలో ముంచనిచ్చేది కాదు. కెంపుల వెనక లక్క ఉంటుంది, తడి దిగితే రాళ్ళు కదులుతాయి. ముత్యాలకి పులుపు తగిలితే కాంతి పోతుంది. తడిపి గట్టిగా పిండిన మల్లుగుడ్డతో ఒక్కో పూసా తుడిచి నీడన ఆరబెట్టేది. ముత్యమంటే చాలావరకు కాల్షియం కార్బొనేటనీ, చింతపండులోని ఆమ్లం దాన్ని తినేస్తుందనీ నేను చాలా తర్వాత చదువుకున్నాను.

పుస్తెలతాడు సంగతి వేరు. తియ్యకూడదు కాబట్టి ఒంటిమీదే తోముకోవాలి. అమ్మ మెడ మీది ఎర్రటి ఒరుపుకి ఎవరూ చిట్కా రాయలేదు.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు అమ్మ రసం తీసి కూర్చుంది. బ్యాంకు లాకర్ నుంచి నాన్న వట్టి చేతులతో వచ్చారు. హారం, కాసులపేరు రెండూ మూడు నెలల కిందటే తాకట్టుకి వెళ్ళాయట. రెండూ అమ్మ పుట్టింటివారు పెట్టినవి. రసీదు నాన్న పేరు మీద ఉంది. అమ్మ ఏమీ అనలేదు. ఆ రసంతో నాకూ చెల్లికీ తలంటింది.

స్త్రీధనం పూర్తిగా భార్య సొంతమనీ, భర్త చేతిలో ఉంటే అతను వట్టి కాపలాదారేననీ ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఆమె అధికారం ఇవ్వకుండా దాన్ని తిరిగి ఇప్పించమని అడిగే హక్కు కన్నతండ్రికి కూడా లేదని 2024 ఆగస్టులో, తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో తేల్చింది. కోర్టులో కాపలా ఆయనది, సొత్తు ఆమెది. ఇంట్లో తలకిందులు.

మన సంగతీ చూద్దాం. నగ సంకెల అని రాసేసి పక్కకి నెట్టాం. నా సిద్ధాంత వ్యాసంలో నగల మీద ఒక అధ్యాయమే ఉంది. దేహం, అలంకారం, ప్రతీక అన్నీ ఉన్నాయి. తూకం అన్న మాట ఒక్కసారి కూడా లేదు. నగలు తోమడం గురించి కూడా వ్యాసాలేనా అని ఒక సెమినార్లో ఒకావిడ నవ్వారు. ఎందుకు రాయకూడదు? ఏ లంకె పల్చబడిందో, ఏ పూస మార్పించిందో తోమే చేతికే తెలుసు. తగాదా వచ్చిననాడు అడిగేవి ఆ గుర్తులే, బిల్లులే, తూకాలే. అందుకే నాదీ ఒక చిట్కా: ఆరబెట్టాక తూకం వేయించండి, ఫొటో తీయండి, మీ చేత్తో రాసుకోండి. దుకాణంలో యాసిడ్ మెరుగు పెట్టిస్తే ముందూ వెనకా తూయించండి, బంగారం కొంత కరిగిపోతుంది.

హారాన్ని రెండేళ్ళకి విడిపించారు. కాసులపేరు తిరిగి రాలేదు. పోయిన శ్రావణంలో అమ్మ చెప్తుంటే నోటుపుస్తకంలో రాశాను. హారం అయ్యాక పేజీ తిప్పమంది. లేని నగకి పేజీ ఎందుకన్నాను.

“నలభై ఎనిమిది కాసులు. కొక్కెం పక్కన ఒకదానికి సొట్ట. రాయి,” అంది.