రెండో ఏడు ఎవరికి?

నీట్ ఫలితాలు వెలువడినప్పుడల్లా మన ఇళ్ళలో ఒక విచిత్రం చూస్తుంటాము. కొడుకుకు సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగ్ మాట మొదలవుతుంది. కూతురికి రాకపోతే సంబంధాల మాట మొదలవుతుంది. ‘నసీబులో లేదు’ అని ఫూఫీ అంటే ఇంటిల్లిపాదీ తల ఊపుతారు. కొడుకు విషయంలో ఆ నసీబు రెండు మూడేళ్ళు ఆలస్యంగా గుర్తుకు వస్తుంది.

ఇటీవల ఒక తల్లి తన కుమార్తెతో కలిసి మా వద్దకు వచ్చారు. అమ్మాయికి 720కి 422 మార్కులు. ఒక మంచి సంబంధం వచ్చిందనీ, వారికి ఏమని జవాబివ్వాలో తోచడం లేదనీ ఆమె అన్నారు. జవాబుకు ముందు అమ్మాయి ఓఎంఆర్ పత్రం నకలునూ, అధికారిక కీనీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాము. ఈ రెండూ పరీక్ష నిర్వాహకులే అందుబాటులో ఉంచుతారు. మార్కు చూసి కుమిలిపోయేవారే గాని వీటిని తెరిచి చూసేవారు తక్కువ.

బయాలజీ, కెమిస్ట్రీలలో కలిపి 135 ప్రశ్నలకు 106 సరైనవి, 19 తప్పులు. ఫిజిక్స్‌లో 45కు 12 మాత్రమే సరైనవి, 31 తప్పులు. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1 గనుక ఫిజిక్స్‌లో 180కి ఆమెకు దక్కినవి 17. ‘ఖాళీ వదిలితే బాగుండదేమోనని దిద్దేశాను’ అన్నది అమ్మాయి తల వంచుకుని. గుడ్డిగా దిద్దిన ఆ వృత్తాలే మార్కులను మింగాయి. ఇంటర్‌లో ఫిజిక్స్ చెప్పే అధ్యాపకుడు ఏడాది మధ్యలో వెళ్ళిపోయాడన్న సంగతి అప్పుడు బయటపడింది. ఈ పిల్ల ఓడిందని మేము అనుకోము. ఆమెకు ఒక సబ్జెక్టు ఎవరూ చెప్పలేదు, అంతే.

ప్రతివారూ మళ్ళీ రాయాలని మా ఉద్దేశం కాదు. మూడుసార్లు రాసినా మార్కులు అక్కడక్కడే తిరుగుతూ, తప్పులు మూడు సబ్జెక్టులలోనూ సమానంగా పరచుకున్న కుర్రవాడికి నాలుగో ఏడు ఇవ్వడం ప్రేమ అనిపించుకోదు. యునానీ వైద్యపు బీయూఎంఎస్‌కూ నీట్ ర్యాంకే ఆధారం. హైదరాబాదు నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలు డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాల మన ఎదుటే ఉన్నాయి.

‘వయసు దాటిపోతుంది’ అనే బంధువులకు ఒక మాట. నీట్‌కు 17 ఏళ్ళు నిండాలన్న నియమమే గాని గరిష్ఠ వయోపరిమితి లేదు. ఇన్నిసార్లే రాయాలన్న లెక్కా లేదు. అయితే ఇక్కడి ఎంబీబీఎస్ ప్రవేశానికి నిరుటి మార్కు పనికిరాదు, ఏ ఏటి పరీక్ష ఆ ఏటిదే. అందుచేత ఇచ్చే ఏడాదిని పూర్తిగా ఇవ్వాలి. కొడుకు చదువుకుంటుంటే గది తలుపు మెల్లగా వేస్తాము. కూతురు చదువుకుంటుంటే అతిథులకు చాయ్ పెట్టమని పిలుస్తాము. రంజాన్‌లో ఇఫ్తార్ వంటకు ముందుగా లేచేదీ ఆమే.

తల్లి చాలాసేపు ఆ కాగితాన్నే చూశారు. సంబంధం వారికి మే నెల పరీక్ష దాకా ఆగమని కబురు పెడతానన్నారు. వారు ఆగకపోతేనో అని మేము అడగబోయేలోగా, ఫిజిక్స్ మాత్రమే చెప్పేవారు మన ఊళ్ళో ఎవరైనా ఉన్నారా అని ఆమే అడిగారు.