ఎనిమిదేళ్ల ఓపిక, ఒక్క ఫార్దింగ్ పరిహారం

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర బోర్న్‌విల్‌లో క్యాడ్బరీ కుటుంబం 1879లో చాకొలెట్ ఫ్యాక్టరీ కట్టింది. వాళ్లు క్వేకర్ విశ్వాసులు. మద్యానికి దూరంగా ఉంటూ, శ్రమజీవులు మురికివాడల్లో మగ్గకూడదని తోటలున్న ఇళ్లతో ఒక ఊరినే నిర్మించిన మంచి మనుషులు. అలాంటివారికి 1901లో ఒక చేదువార్త అందింది. తాము కొనే కోకోలో దాదాపు సగం సావోతోమె దీవిలో పండుతోంది, అక్కడి తోటల్లో పని చేసేవాళ్లు బానిసలు! పోర్చుగీసువారి ఏలుబడిలోని ఆ దీవికి అంగోలా నుండి ‘ఒప్పందం’ పేరిట వారిని తెచ్చేవారు. తిరిగి ఇల్లు చేరినవాళ్లు లేరన్నంత తక్కువ. అమ్మకానికి పెట్టిన ఒక తోట ఆస్తుల జాబితాలో పశువులతోపాటు కూలీలకూ వెల కట్టారు.

క్యాడ్బరీలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. విలియం క్యాడ్బరీ 1903లో లిస్బన్ వెళ్లి అధికారులతో మాట్లాడాడు. 1905లో జోసెఫ్ బర్ట్ అనే క్వేకర్‌ను విచారణకు పంపారు. బ్రిటిష్ విదేశాంగ శాఖను కదిలించారు, తొందరపడవద్దని అది చెబితే ఆగారు. కొనడం మానేస్తే పోర్చుగల్ మన మాట ఎందుకు వింటుందన్నది వారి వాదన. అది పూర్తిగా తీసిపారేయాల్సిన వాదనేం కాదు. కాని ఆ మాటలు నడిచినన్నాళ్లూ కోకో బస్తాలు వస్తూనే ఉన్నాయి. దక్షిణాఫ్రికా గనుల్లో చైనా కూలీల వెతలపై జార్జి క్యాడ్బరీ సొంత పత్రిక మండిపడుతున్న రోజులు కూడా అవే!

చివరికి 1909 మార్చిలో కొనడం ఆపారు. అప్పటికే ‘స్టాండర్డ్’ పత్రిక వారిని వేషధారులంది. వారు పరువునష్టం దావా వేశారు. పత్రిక తరపు లాయరు ఎడ్వర్డ్ కార్సన్ విలియంను ఒకటే అడిగాడు: ఆ ఎనిమిదేళ్లలో మీ కోకో కోసం ఎంతమంది బానిసలు చనిపోయారో ఎప్పుడైనా లెక్క వేశారా? లేదన్నాడాయన. జ్యూరీ వారినే గెలిపించింది, పరిహారం మాత్రం ఒక్క ఫార్దింగ్! అంటే పెన్నీలో నాలుగోవంతు.

నెహెమ్యా కూడా ఓపికపట్టినవాడే. యెరూషలేము గోడ కూలిందని కిస్లేవు మాసంలో విని, నీసాను మాసంలో గాని రాజు ముందు నోరు విప్పలేదు. ఆ నాలుగు నెలల్లో ఏడ్చిందీ, ఉపవాసమున్నదీ అతనే. క్యాడ్బరీల ఎదురుచూపు ఖర్చును మాత్రం అంగోలా కూలీలు భరించారు. తేడా అక్కడుంది.

మన సంఘాల్లోనూ మిల్లులు, దుకాణాలు, కాంట్రాక్టులు నడిపేవారున్నారు. నెలాఖరు జీతాలు, బ్యాంకు వాయిదాల ఒత్తిడి ఎంతటిదో వారికే తెలుసు. ‘ఈ సీజన్ గడవనీ, తర్వాత అన్నీ సరిచేద్దాం’ అనుకోవడం సహజం. సంఘానికి పెద్ద కానుక ఇచ్చి, ప్రజల మేలుకోరే కమిటీల్లో కూర్చొని, మన కింద పనిచేసే కూలివాడి బాకీని వచ్చే నెలకు నెట్టేయడం అంతకంటే సులువు. ఆ నెల రోజులు ఎవరి పొయ్యి వెలగలేదో అడిగామా?

నెహెమ్యాకు ఒత్తిడి తక్కువేం కాదు. శత్రువులు మీదపడతారన్న భయంతో ఒక చేత్తో ఆయుధం పట్టుకొని గోడ కడుతున్నారు. సరిగ్గా అప్పుడే పేదలు మొరపెట్టారు. పొలాలు తాకట్టులో ఉన్నాయి, రాజుగారి పన్నుకు అప్పులు చేశాం, పిల్లలు దాసులవుతున్నారు అన్నారు. ‘గోడ పూర్తి కానివ్వండి’ అనలేదతను. మహాసభ పిలిచి ప్రధానులను గద్దించాడు. తానూ తనవాళ్లూ అప్పులిచ్చిన సంగతి కూడా దాచలేదు. పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు, వడ్డీ ఆ రోజే తిరిగివ్వమని కోరి, యాజకుల ఎదుట వారిచేత ప్రమాణం చేయించాడు. వాళ్లు ఇచ్చేశారు. గోడ 52 రోజుల్లో పూర్తయింది.