మామా, ఇది జావానే

పోయిన నెల తమిళనాడు పెరియకుళంలో అక్క వాళ్లింటి వసారాలో కూర్చుని, రెండు వారాలు కష్టపడి రాసిన కోట్లిన్ ప్రోగ్రాము మేనల్లుడికి చూపించాను. నాకు పాతికేళ్లు దాటిన అనుభవం. వాడు ఉద్యోగంలో చేరి మూడేళ్లు కాలేదు. మెప్పు కోసమే చూపించాను, దాచడమెందుకు. వాడు తెరను పైకీ కిందికీ రెండుసార్లు జరిపి, "మామా, ఇది జావానే. పైన కోట్లిన్ సొక్కా ఏసిండావు, అంతే" అన్నాడు.

అందులో ఖాతాదారు అని ఒక క్లాసు ఉంది. పేరు, ఖాతా నంబరు, నిల్వ. ఈ మూడింటికీ చదివే ఫంక్షన్లు, మార్చే ఫంక్షన్లు, ఇద్దరు ఖాతాదారులు ఒకటేనా అని పోల్చే ఫంక్షను, అచ్చు వేసే ఫంక్షను, అన్నీ వరసగా చేత్తో రాశాను. యాభై లైన్ల పైమాటే. వాడు మొత్తం చెరిపేసి 'డేటా క్లాస్' అంటూ ఒక్క లైను కొట్టాడు. మిగతాదంతా కోట్లినే రాసుకుంటుందట. లైన్లు పోయినందుకు నాకు బాధ లేదు. నేను రాసింది తప్పు కాదు, నడుస్తుంది కూడా. నడుస్తుంది కాబట్టే, వాడు చెప్పకపోతే ఇంకో పదేళ్లు అలాగే రాసేవాణ్ణి.

(జావా కూడా ఊరుకోలేదు లెండి. 2021లో వచ్చిన 16వ వెర్షన్‌లో 'రికార్డ్' పేరుతో ఇలాంటిదే తెచ్చుకుంది. అదీ నేను పట్టించుకోలేదు.)

కొత్త భాష నేర్చుకునే అనుభవజ్ఞుణ్ణి కొత్త విషయాలు కష్టపెడతాయని అందరూ అనుకుంటారు. నా అనుభవం వేరు. తెలియనిది ఎప్పుడూ నన్ను ముంచలేదు. ముంచిందల్లా తెలుసనుకున్నదే. ఈ పాఠం నాకు మొదట నేర్పింది కంప్యూటరు కాదు, తెలుగు.

మాది నోటి తెలుగు. విజయనగరం రోజుల్లో, ఆ వెనక మదురై నాయకుల రోజుల్లో దక్షిణానికి దిగివచ్చిన కుటుంబాలు మావి. పక్కనున్న బోడినాయకనూరు పేరులోనే నాయకుడున్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అక్షరాలు తెలియకుండానే తరాలు గడిచిపోయాయి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ మావంటి వాళ్ల వలస కథను 'గోపల్ల గ్రామం' నవలగా రాసింది తమిళంలోనే.

2001లో నేను హైదరాబాదు వెళ్లాను. అంతకుముందు చెన్నైలో కోబాల్ రాసేవాణ్ణి. 2000 సంవత్సరం తేదీల గండం (వై2కే) గట్టెక్కాక మావంటి వాళ్ల పని అయిపోయింది. అందరి దారీ అమీర్‌పేటే, అందరి మందూ జావాయే. మైత్రీవనం వెనక సందులో హాస్టలు. భాష మనదేగా అనే ధీమాతో దిగాను.

'కిటికీ' తెలియదు. మా ఇంట్లో 'జన్నల్' అంటాం. తెలియదు గనక అడిగాను, ఆ పూటే వచ్చేసింది. అసలు చిక్కు మెస్సులో. వడ్డించే ఆవిడ "అవసరమైతే పిలువు బాబూ" అని లోపలికి వెళ్లేది. తమిళంలో అవసరమంటే తొందర. మా తెలుగులోనూ ఆ అర్థమే ఉండిపోయింది. నాకేం తొందర ఉందని పిలవాలి? వారం రోజులు సగం కడుపుతో లేచాను. గదిలో ఉన్న గుంటూరు కుర్రాడు నా నోట్సు చూసి "కేవలం రెండు పేజీలేనా?" అన్నాడు. తమిళంలో కేవలమంటే నీచం, సిగ్గుమాలినతనం. రెండు రోజులు వాడి మొహం చూడలేదు. పాపం, వాడికి నేను ఎందుకు అలిగానో కూడా తెలియదు.

జావాతోనూ అచ్చం ఇదే జరిగింది. మొదటి ఉద్యోగంలో వడ్డీ లెక్కల పని. ఖాతా ఈ రకమైతే ఈ రేటు, ఆ రకమైతే ఆ రేటు, ఏదీ కాకపోతే ఆఖరి రేటు. కోబాల్‌లో సమాన గుర్తు పెడితే రెండు వైపులా ఉన్న అక్షరాలు ఒకటేనా అని చూస్తుంది. జావాలో ఆ గుర్తు పక్కన ఇంకోటి పెట్టాలని పుస్తకంలో ఉంది, పెట్టాను. నా బల్ల దగ్గర దివ్యంగా నడిచింది. కస్టమరు దగ్గర ఎక్కించిన రోజు ప్రతి ఖాతాకూ ఆఖరి రేటే పడింది.

సంగతేమిటంటే, ఒకే అచ్చులో వేసిన రెండు శుభలేఖలు చూపించి ఇవి ఒకటేనా అని అడిగితే కోబాల్ అవునంటుంది. జావాలో ఆ జంట గుర్తు మాత్రం "ఇది వేరే కార్డు, అది వేరే కార్డు" అంటుంది. రాసిన మాట ఒకటేనా అని అడగాలంటే 'ఈక్వల్స్' అనే మెథడ్‌తో అడగాలి. మరి నా బల్ల దగ్గర ఎందుకు అవునంది? టెస్టులో మాటలన్నీ ప్రోగ్రాములో నేనే రాసినవి. అలా రాసిన ఒకే మాటను జావా ఒక్క ప్రతిగా దాచి, అడిగిన ప్రతిచోటా దాన్నే చూపిస్తుంది. డేటాబేసు నుంచి వచ్చిన మాట కొత్త ప్రతి. తెల్లవారుజామున మూడింటికి, నాకన్నా ఆరేళ్లు చిన్నదైన పక్క సీటు అమ్మాయి "ఈక్వల్స్ వాడలేదేంటండీ?" అంది. ఆ అమ్మాయికి కోబాల్ రాదు. అదే ఆమె అదృష్టం.

ఇప్పుడు కోట్లిన్ తమాషా చూడండి. ఇందులో రెండు సమాన గుర్తులు పెడితే లోపలి మాట ఒకటేనా అనే చూస్తుంది. ఒకే కార్డా అని అడగాలంటే మూడు పెట్టాలి. జావా దగ్గర వాతలు తేలేలా నేర్చుకున్న భయాన్ని ఇక్కడ మళ్లీ వదిలించుకోవాలి. 2001లో నన్ను బజారుకెక్కించిన కోబాల్ అలవాటే ఇక్కడ ఒప్పు!

క్లాసు, ఆబ్జెక్టు, వారసత్వం, ఈ సరంజామా అంతా 1960ల్లో ఓస్లోలో సిములా భాషతో మొదలైంది. దాన్ని తయారుచేసిన ఓలె-యోహన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్‌లకు 2001 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. నేను అమీర్‌పేటలో తంటాలు పడిన ఏడాదే అది. మరుసటి ఏడు ఇద్దరూ పోయారు. వాళ్ల మాటలు మాత్రం ఇల్లిల్లూ తిరిగాయి, ఏ ఇంట్లో అర్థం ఆ ఇంటిదైంది. స్మాల్‌టాక్ భాషలో మూడు అనే అంకె కూడా ఆబ్జెక్టే. జావాలో మామూలు అంకె ఆబ్జెక్టు కాదు. జావాలో క్లాసు తలుపు బార్లా తెరిచే ఉంటుంది, వద్దని రాస్తే తప్ప ఎవరైనా దాన్ని వారసత్వంగా తీసుకోవచ్చు. కోట్లిన్‌లో తలుపు మూసే ఉంటుంది, 'ఓపెన్' అని రాస్తేనే తెరుచుకుంటుంది. పదం అదే, ఇంటి ఆచారం వేరు.

2017లో ఆండ్రాయిడ్ పనికి కోట్లిన్‌ను అధికారికంగా ఒప్పుకుంటున్నామని గూగుల్ ప్రకటించాక, ఇది రెండు వారాంతాల్లో వచ్చేస్తుందని కంపెనీలు అనుభవజ్ఞులకు చెప్పడం మొదలైంది. సింటాక్స్ వస్తుంది, కాదనను. రాసేది మాత్రం నాలాగా చొక్కా మార్చిన జావాయే అవుతుంది. అది నడిచిపోతుంది గనక సమీక్షలో సీనియర్‌ను ఎవరూ అడగరు. అడిగే చనువు మేనల్లుళ్లకే ఉంటుంది, ఆఫీసులో మేనల్లుళ్లుండరు.

అమీర్‌పేటలో గానీ కోయంబత్తూరులో గానీ పాఠాలు చెప్పేవాళ్లకు ఒక మనవి. ఒక భాష వచ్చినవాడు ఇంకో భాష కోసం వస్తే, వేరియబుల్ అంటే ఏమిటో చెబుతూ మొదటి వారం తినేయకండి. వాడు వచ్చిన భాషలోనూ వెళ్లే భాషలోనూ ఒకేలా కనిపిస్తూ వేరేలా నడిచేవి ఓ ఇరవై ఏరి, మొదటి రోజే చేతిలో పెట్టండి. ఆ ఇరవైని వాడంతట వాడు అడగడు. అడగాలని తోచదు. ఇక నా ఈడు వాళ్లకు చెప్పేదొకటే. వారానికోసారి మీ కోడు తీసుకెళ్లి మీకన్నా చిన్నవాళ్ల ముందు పెట్టండి, వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

మా మేనల్లుడు ఇది చదవలేడు, వాడికి తెలుగు అక్షరాలు రావు. ఆదివారం ఫోన్ చేసి చదివి వినిపిస్తాను. 'కేవలం', 'అవసరం' వచ్చిన చోట ఆగి చెప్పాలి.