మంట మామూలు కాదు

"షేవింగ్ అన్నాక మంట ఉంటుంది రా." మన హాస్టల్లో ఎవరూ ప్రశ్నించని సిద్ధాంతం ఇది. మెడ మీద ఎర్రటి పొక్కులు కనిపిస్తే "కొత్త రేజర్ కదా, అలవాటైపోతుందిలే" అంటారు. ఆఫ్టర్‌షేవ్ రాసుకుని "స్స్" అంటే, అదేదో మగతనానికి గుర్తన్నట్టు నవ్వుతారు. నేను మాత్రం ఒప్పుకోను. మంట అలవాటు చేసుకోవాల్సిన విషయం కాదు. అదొక ఎర్రర్ మెసేజ్. చదవకుండానే క్లోజ్ చేసేస్తున్నాం, అంతే.

ఈమధ్య మనవాళ్లు కొందరు పాతకాలం సేఫ్టీ రేజర్ కొంటున్నారు. రెండు వైపులా పదునున్న బ్లేడు పెట్టుకునే రకం, తాతయ్యల షేవింగ్ డబ్బాలో ఉండేది. కారణం డబ్బులే. ఒక్క ఖరీదైన కార్ట్రిడ్జ్ ధరకి ఈ బ్లేడ్లు ప్యాకెట్లకి ప్యాకెట్లే వస్తాయి. కానీ రెండు వారాలు తిరక్కుండానే మొహం మండిపోయి, రేజర్ డ్రాయర్లోకి వెళ్లిపోతుంది. "నాది సెన్సిటివ్ స్కిన్" అనే తీర్పు కూడా వచ్చేస్తుంది. నా గొడవ అక్కడే. చర్మం మీద నింద వేసే ముందు ఒకసారి చేతిని చూసుకోవాలి కదా.

సెలూన్‌లో అన్న ఏం చేస్తాడో గమనించండి. ఇదే బ్లేడుని మధ్యకి విరిచి, సగం ముక్క కత్తిలో పెట్టి గీస్తాడు. ఆ కత్తికి అడ్డూ ఆపూ ఏమీ ఉండవు. 1904లో కింగ్ క్యాంప్ జిలెట్ పేటెంట్ తెచ్చుకున్న రేజర్‌లో ఉన్న తెలివే ఆ అడ్డు. పల్చటి బ్లేడుకి పైన మూత, కింద రక్షణ, బయటికి కాస్త అంచు మాత్రమే. అంటే మన చేతిలో ఉన్నది అన్న చేతిలో ఉన్నదానికంటే భద్రమైన వస్తువు. అయినా ఆయన గీస్తే లేని మంట మనం గీసుకుంటే ఎందుకు? ఆయన చేతికి కోణం తెలుసు, ఎంత బరువు వేయాలో తెలుసు.

మన చేతికి అవి తెలియనివ్వంది కార్ట్రిడ్జే. దాని తల అదే వంగుతుంది కాబట్టి కోణం గురించి మనం ఆలోచించం. గట్టిగా నొక్కినా చాలావరకు సర్దుకుపోతుంది. పైగా ఎక్కువ బ్లేడ్లున్న రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకని కాస్త పైకి లాగితే వెనక బ్లేడు కోస్తుంది. తెగిన కొస చర్మం లోపలికి జారుతుంది. రింగులు తిరిగే వెంట్రుకైతే లోపలే వంకరపోయి పొక్కు లేస్తుంది. అందుకే ఇలాంటి పొక్కులు వచ్చేవాళ్లకి ఒకటి రెండు బ్లేడ్ల రేజరే మంచిదని చర్మవైద్యులు చెప్తారు. కానీ ఆ నొక్కే అలవాటుతోనే సేఫ్టీ రేజర్ పడితే, అది వెంట్రుకతో పాటు చర్మాన్నీ గీకేస్తుంది.

కాబట్టి మొదటి సూత్రం: నొక్కొద్దు. పిడి చివర్లో తేలిగ్గా పట్టుకోండి, రేజర్ బరువే చాలు. రేజర్ తల పైభాగాన్ని చెంపకి ఆనించి, అంచు తగిలేదాకా పిడిని మెల్లగా కిందికి దించండి. సుమారు 30 డిగ్రీల దగ్గర పని మొదలవుతుంది. గీతలు చిన్నవిగా, రెండు మూడు సెంటీమీటర్లే.

రెండోది వెంట్రుక వాలు. రెండు రోజుల గడ్డం మీద వేళ్లతో రుద్దితే ఎటు నున్నగా ఉందో, ఎటు గరుకో తెలిసిపోతుంది. మెడ దగ్గర అది ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, చాలామందికి మంటంతా అక్కడే. మొదటి కొన్ని వారాలు వాలుకే, ఒక్కసారే గీయండి. అద్దంలా నున్నగా రాకపోతే పోయేదేం లేదు. మళ్లీ గీయాలంటే మళ్లీ నురగ రాయాల్సిందే. ఎదురు గీయడం చేతికి పని వచ్చాక ఆలోచించొచ్చు. పొక్కులు వచ్చే తత్వమైతే అసలు వద్దు.

మూడోది నురగ. మన హాస్టల్ బోరు నీళ్లలో సబ్బే సరిగా నురగ రాదు, ఇక క్రీమ్ ఏం చేస్తుంది? ఒక గ్లాసు ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకుని బ్రష్ తడిపి చూడండి. స్నానం అయ్యాక, గడ్డం మెత్తబడ్డాక మొదలుపెడితే ఇంకా నయం. పూర్తయ్యాక చన్నీళ్లతో కడిగి, టవల్‌తో రుద్దకుండా అద్దుకోండి. స్పిరిట్ వాసన కొట్టే ఆఫ్టర్‌షేవ్ మానేయండి. పచ్చి మొటిమల మీద రేజర్ పెట్టకండి.

బ్లేడు లాగుతున్నట్టు అనిపించిన రోజే మార్చేయండి. అది టీ కంటే చవక. రూమ్మేట్ ఎంత క్లోజ్ అయినా బ్లేడు పంచుకోవద్దు, రక్తంతో వచ్చే జబ్బులకి స్నేహం తెలీదు. వాడిన బ్లేడు చెత్తబుట్టలో ఊరికే పడేస్తే, పొద్దున్నే చెత్త తీసే ఆంటీ చెయ్యి తెగుతుంది. ఒక పాత డబ్బాకి సన్నటి చీలిక పెట్టి అందులో వేయండి. మన మంట మనతో పోవాలి గానీ ఇంకొకరికి అంటకూడదు.

"ఇదంతా చేసే టైమ్ ఎవడికుంది, 9కి ల్యాబ్" అంటారు. నిజమే, హడావిడిలో ఈ రేజర్ పట్టుకోకూడదు. రాత్రి పది నిమిషాలు రీల్స్ తగ్గించుకుంటే సరిపోతుంది.

అసలు సమస్య టైమ్ కూడా కాదు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, మనమూ సిగ్గుపడి అడగం. మీసం తిప్పే డైలాగులు వంద వచ్చు మనకి, మన మెడ మీద వెంట్రుక ఎటు పెరుగుతుందో తెలీదు. ఈసారి జూనియర్ ఎవరైనా ఎర్రబడ్డ మెడతో కనిపిస్తే "అలవాటైపోతుందిలే" అనకండి. "నొక్కుతున్నావా?" అని అడగండి.