రాకపోతే అడిగే మనుషులున్న ఆట

కొత్త ఊళ్లో కాపురం పెట్టగానే ఏమేం చూసుకోవాలో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అద్దె, అడ్వాన్సు, గ్యాస్, వైఫై, పాల ప్యాకెట్లు, పనిమనిషి, పిల్లల స్కూలు బస్సు ఆగే చోటు. కొండాపూర్‌లోనో నల్లగండ్లలోనో దిగిన కుటుంబం ఈ పనులన్నీ పదిహేను రోజుల్లో ముగిస్తుంది. ఏడాది గడిచాక అదే కుటుంబాన్ని ‘ఇక్కడ మీకు తెలిసినవాళ్లెవరు?’ అని అడిగి చూడండి. ఆఫీసువాళ్లను పక్కన పెడితే నాలుగు పేర్లు రావడం కష్టం. పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా తలుపు మీది బోర్డు చూసి చెప్పాల్సిందే. అందుకే ఆ మొదటి పదిహేను రోజుల పనుల్లో ఇంకొకటి చేర్చాలంటాను. వారానికి రెండుసార్లు నలుగురితో కలిసి ఆడుకునే చోటు వెతుక్కోవడం. జిమ్ గురించి కాదు నేను చెబుతున్నది, ఆట గురించి.

సైబర్ టవర్స్ మొదలైంది 1998 నవంబరులో. అప్పటిదాకా రాళ్లగుట్టలుగా ఉన్న ఈ ప్రాంతంలో ఇప్పుడు ‘మాది ఇక్కడే’ అనేవాళ్లకంటే ‘మేం వచ్చి మూడేళ్లయింది’ అనేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. శ్రీకాకుళం నుంచి వచ్చినవారు, అనంతపురం నుంచి వచ్చినవారు, ఒడిశా, కేరళ, బెంగాల్ నుంచి వచ్చినవారు, కంపెనీ పంపితే రెండేళ్ల కోసం దిగిన విదేశీయులు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పదిహేనేళ్లు ఉండి పిల్లలతో తిరిగొచ్చిన మనవాళ్లు. పాస్‌పోర్టులో ఏ దేశం ఉన్నా, వీళ్లంతా ఇక్కడ కొత్తవాళ్లే. అమెరికాలో పుట్టి పదేళ్ల వయసులో గచ్చిబౌలికి వచ్చిన పిల్లవాడికైతే ఇది అచ్చంగా పరదేశమే.

ఇక ఈ ఉద్యోగాలు ఒంటిని ఏం చేస్తున్నాయో చూద్దాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి స్థూలకాయం ఉంది. గంటల తరబడి కూర్చోవడం, వేళకాని వేళ తిండి, నిద్ర చాలకపోవడం, ఒత్తిడి... కారణాలు కొత్తవి కావు. ఈ రిపోర్టు చూపిస్తే డాక్టర్లు ఏం చెబుతారో కూడా మనకు తెలుసు. బరువు తగ్గండి, వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా ఒళ్లు వంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కా అదే, 150 నుంచి 300 నిమిషాలు.

డాక్టరు మాట విని మనం చేసే మొదటి పని జిమ్‌కి ఏడాది డబ్బు కట్టేయడం. జనవరిలో ట్రెడ్‌మిల్ ఖాళీ దొరకదు, ఉగాదికి వరసగా ఖాళీగా ఉంటాయి. జిమ్ చెడ్డదని అనడం లేదు. కండరాల బలానికి, ముఖ్యంగా నలభై దాటినవారికి, బరువులెత్తడం అవసరమే. కానీ మనం వెళ్లకపోతే ట్రెడ్‌మిల్ ఫోన్ చేయదు. బ్యాడ్మింటన్ డబుల్స్ అలా కాదు. నలుగురిలో ఒకరు రాకపోతే మిగతా ముగ్గురి పొద్దు పాడవుతుంది. ఆరూ పదికల్లా ‘ఎక్కడున్నావ్ బాబూ?’ అని ఫోన్ వస్తుంది. ఆ ఫోన్‌కు భయపడే సగం మంది మంచం దిగుతారు. రెండు వారాలు కనిపించకపోతే ‘ఒంట్లో బాగా లేదా?’ అని అడిగేదీ వాళ్లే. పుట్టిన ఊళ్లో ఆ మాట అడగడానికి అరుగు మీద ఎవరో ఒకరు ఉంటారు. ఇక్కడ అలాంటివాళ్లను మనమే సంపాదించుకోవాలి.

దీనికి కొంత ఆధారమూ ఉంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో 8,577 మందిని పాతికేళ్ల వరకు గమనించి 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. ఏ వ్యాయామమూ చేయనివారితో పోలిస్తే టెన్నిస్ ఆడేవారు 9.7 ఏళ్లు, బ్యాడ్మింటన్ ఆడేవారు 6.2 ఏళ్లు, ఫుట్‌బాల్ ఆడేవారు 4.7 ఏళ్లు ఎక్కువ బతికారు. సైకిల్ తొక్కేవారికి 3.7, జాగింగ్ చేసేవారికి 3.2, జిమ్‌లాంటి హెల్త్ క్లబ్బుల్లో వ్యాయామం చేసేవారికి 1.5 ఏళ్లు. ఇందులో ఒక చిక్కుంది. టెన్నిస్ ఆడేవాళ్లకు మొదటి నుంచీ డబ్బు, చదువు ఎక్కువ ఉండొచ్చు. ఆటే ఆయుష్షు పెంచిందని ఈ అధ్యయనం నిరూపించలేదు, పరిశోధకులూ ఆ మాట ఒప్పుకున్నారు. అయితే ఎదుట ఇంకో మనిషి ఉంటే తప్ప ఆడలేని ఆటలే పైన ఉండటం వారి దృష్టిని కూడా ఆకర్షించింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంకో చిన్న ప్రయోగం చేశారు. పన్నెండు మంది పడవ పందెం క్రీడాకారుల చేత ఒకే కసరత్తును ఒకసారి ఒంటరిగా, ఒకసారి జట్టుగా చేయించారు. పడిన శ్రమ సమానమే. జట్టుగా చేసిన రోజున నొప్పిని ఎక్కువ తట్టుకున్నారు. పన్నెండు మందితో చేసినదాన్ని పట్టుకుని పెద్ద మాటలు చెప్పలేం గానీ, స్నేహితులతో కలిసి మెట్లెక్కి తిరుమల వెళ్లినవాళ్లకు ఇది వింతగా అనిపించదు.

ఒంటరితనాన్ని మనం ఇంకా మనసుకు సంబంధించిన బాధగానే చూస్తున్నాం. వైద్యులు అలా చూడటం మానేశారు. 2023లో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి దీని మీద ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పత్రమే ఇచ్చారు. మనుషులతో సంబంధాలు సరిగా లేనివారికి గుండె జబ్బు ముప్పు 29 శాతం, పక్షవాతం ముప్పు 32 శాతం ఎక్కువని అందులో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని ఆ సంస్థ అంచనా.

పరాయి గడ్డ మీద ఉన్నవాళ్లకు ఆటే మందన్న సంగతి చాలా పాతది. 1938లో కౌలాలంపూర్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరు బ్రిటిష్‌వాళ్లు సాయంత్రాలు కలిసి పరుగెత్తడం మొదలుపెట్టారు. ‘హ్యాష్ హౌస్ హ్యారియర్స్’ అని దానికి పేరు. ముందొకడు కాగితం ముక్కలు చల్లుకుంటూ పోతాడు, వెనక మిగిలినవాళ్లు దారి వెతుక్కుంటూ వస్తారు. పరుగు అయ్యాక బీరు. (ఆ చివరి భాగాన్ని కాలేయం రిపోర్టు చేతిలో ఉన్నవాళ్లు వదిలేయవచ్చు.) ఈ రోజు అలాంటి బృందాలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఏ ఊరికి బదిలీ అయినా వెతికి వాటిలో చేరిపోయే విదేశీ ఉద్యోగులున్నారు. మన దగ్గర 1878 నాటి సికింద్రాబాద్ క్లబ్బు కూడా అలా బయటినుంచి వచ్చినవాళ్ల అవసరం కోసం పుట్టిందే. తేడా అల్లా, దానికి గేటు ఉంది, సభ్యత్వం ఉంది. కౌలాలంపూర్ పరుగుకు కావలసింది బూట్లు మాత్రమే. కొత్తగా వచ్చినవాడికి పనికొచ్చేది ఆ రెండో రకం.

ఐటీ కారిడార్‌లో ఆ రెండో రకానికి కరవు లేదు. 2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ బృందం పేరు చాలామంది విని ఉంటారు. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ వాళ్లదే. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ 42 కిలోమీటర్ల పరుగు చూసి జడుసుకోవద్దు. అసలు పరుగే అలవాటు లేనివాళ్లను ఐదు కిలోమీటర్ల దాకా తీసుకెళ్లే శిక్షణ కూడా వాళ్ల దగ్గర ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు. పుల్లెల గోపీచంద్ అకాడమీ గచ్చిబౌలిలో 2008లో మొదలైంది. అక్కడ తయారైన సైనా, సింధు పతకాలు తెచ్చాక సందుకొక బ్యాడ్మింటన్ షెడ్డు లేచింది. గంటకింత అని తీసుకుంటారు. ప్లేయో లాంటి యాప్‌లో చూస్తే ‘ఇద్దరు కావాలి, రాత్రి ఎనిమిదికి’ అని అపరిచితులు పిలుస్తుంటారు. వెళ్లండి. భాష రాదన్న బెంగ అక్కర్లేదు. ఇక్కడి కోర్టులో స్కోరు ఇంగ్లిష్‌లో, వాదన హిందీలో, విసుగు తెలుగులో నడుస్తుంది. మూడో వారానికి ఒడియా అబ్బాయి కూడా ‘అయ్యో’ అంటాడు.

మన పిల్లలు బయటి దేశాలకు వెళ్లేటప్పుడూ ఈ మాట చెప్పి పంపాలి. పచ్చళ్లు, ప్రెషర్ కుక్కర్ సూట్‌కేసులో సర్దుతాం. ఆడుకునే బూట్లు సర్దామా? అమెరికాలో తానా, నాట్స్ లాంటి తెలుగు సంఘాలు క్రికెట్, వాలీబాల్ పోటీలు పెడుతుంటాయి. మొదటి ఏడాది అవి ఎంతో ఆసరా. అక్కడే ఆగిపోకూడదని మాత్రం నా అభిప్రాయం. బ్రిటన్‌లో శనివారం పొద్దున తొమ్మిదికి ఊరూరా ‘పార్క్‌రన్’ ఉంటుంది. ఐదు కిలోమీటర్లు, ఉచితం, నడిచినా ఎవరూ ఏమనరు. 2004లో లండన్ బుషీ పార్కులో 13 మందితో మొదలైంది. ఇప్పుడు అక్కడి డాక్టర్లే రోగులకు దాన్ని సూచిస్తున్నారు. జర్మనీలోనైతే క్రీడా సంఘాలే 86 వేల పైచిలుకు. వలస వచ్చినవారిని వాటిలో చేర్చడానికి ప్రభుత్వ నిధులతో ఒక కార్యక్రమం 1989 నుంచి నడుస్తోంది. అక్కడికి వెళ్లే విద్యార్థి క్లాసులో నేర్చుకునే జర్మన్‌కు, టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గర నేర్చుకునే జర్మన్‌కు పొంతన ఉండదు.

మళ్లీ మన ఊరికొద్దాం. ఇంతసేపూ చెప్పిందంతా ఉద్యోగానికి వెళ్లేవాళ్ల గురించే. ఆఫీసు ఉంటే కనీసం లంచ్ టేబుల్ అయినా ఉంటుంది. భర్త ఉద్యోగం కోసం రాజమండ్రిలో తన స్కూలు టీచరు పని మానుకుని కొండాపూర్ పన్నెండో అంతస్తుకు వచ్చిన ఇల్లాలికి అదీ లేదు. కొడుకు దగ్గర ఉండటానికి వచ్చి, లిఫ్టు బటన్లు తప్ప ఏమీ తెలియని తండ్రికీ లేదు. ఇంట్లో ఆట బడ్జెట్ ఎప్పుడూ మొదట మగవాడికి, తర్వాత పిల్లలకు వెళుతుంది. ఆ వరస తిరగేయాలి. కొన్ని అపార్టుమెంట్లలో ఆడవాళ్ల త్రోబాల్ జట్లు సాయంత్రం ఏడింటికి దిగుతున్నాయి. ఆ గంటసేపు వంటింటి సంగతి ఇంట్లో మిగిలినవాళ్లు చూసుకోవాలి. పెద్దవాళ్లకు క్యారమ్స్ బల్ల ఒక్కటే ఇచ్చి సరిపెట్టొద్దు. నడక బృందం, మోకాళ్లు సహకరిస్తే షటిల్ కూడా ఆడగలరు.

నాకు నిజంగా కోపం తెప్పించేది గేటు. కోటి రూపాయల క్లబ్ హౌస్ కట్టుకుని, అద్దెకున్నవాళ్లకు వేరే రుసుము, బ్యాచిలర్లకు ప్రవేశం లేదు, అతిథికి సెక్యూరిటీ దగ్గర అరగంట అంటారు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా ఆ కోర్టుల్లో పావురాలు తప్ప ఎవరూ ఉండరు. గోడకు అవతల హాస్టల్లో నలుగురేసి ఉంటున్న కుర్రాళ్లు గంటకు ఇన్నివందలని పోసి ఎక్కడో ఆడుతున్నారు, లేదా ఆడటమే మానేశారు. భద్రత గురించి భయం అర్థం చేసుకోదగ్గదే. పేరు, ఫోన్ నంబరు రాసుకుని, నెలకింత తీసుకుని ఆదివారం పొద్దున రెండు కోర్టులు బయటివాళ్లకు ఇస్తే కాలనీకి వచ్చే నష్టమేమిటో ఏ అసోసియేషనూ నాకు సరిగా చెప్పలేకపోయింది.

ఒక జాగ్రత్త. పదేళ్లుగా కుర్చీలో ఉన్న మనిషి మొదటి రోజే కాలేజీ రోజుల్లోలా స్మాష్‌లు కొట్టకూడదు. నలభై దాటినా, బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారున్నా ముందు డాక్టరును కలవండి. మొదటి నెల వారానికి రెండు రోజులు, అరగంట చాలు. ఆడుతుండగా ఛాతీలో బరువు, దవడకో చేతికో నొప్పి, ఎప్పుడూ లేని ఆయాసం, కళ్లు తిరగడం వస్తే ‘గ్యాసేమోలే, ఈ గేమ్ అయ్యాక చూద్దాం’ అనుకోవద్దు. ఆపేసి 108కి ఫోన్ చేయమనండి. బృందంలో ఇద్దరైనా సీపీఆర్ నేర్చుకుని ఉంటే మంచిది.

రాకెట్ కొనలేదని వాయిదా వేయనక్కర్లేదు, చాలా షెడ్లలో అద్దెకిస్తారు. బూట్లు మాత్రం సొంతవి, ఆ కోర్టుకు తగినవి ఉండాలి. నడకకు, పరుగుకు వాడేవి వేసుకుని షటిల్ ఆడితే పక్కకు కదిలేటప్పుడు చీలమండ మెలికపడుతుంది, ఆ తర్వాత ఆరు వారాలు మళ్లీ ఇంట్లోనే.