పేరు వాళ్లది... అడ్రసు మనది!

నాచారంలో ఈ పోర్షన్‌లోకి దిగిన మూడో వారానికే మొదటి కవరు వచ్చింది. పేరు మాది కాదు, డోరు నంబరు మాదే. ఉప్పల్, నాచారం వైపు అద్దె ఇళ్లల్లో ఇది మామూలేనట. పారిశ్రామికవాడలో పని మారితే మకాం మల్లాపూర్‌కో, రామంతాపూర్‌కో మారుతుంది. సామాన్లన్నీ ట్రాలీ ఆటో ఎక్కుతాయి. బ్యాంకులో రాసిచ్చిన అడ్రసు మాత్రం పాత గుమ్మంలోనే ఉండిపోతుంది.

‘ఎవరో వచ్చి మన ఫ్రిజ్ పట్టుకుపోతే?’ అని మా ఆవిడ భయం. అలా కుదరదు. అప్పు తీసుకున్న మనిషిదే. కోర్టు డిక్రీ ఇచ్చినా జప్తు చేయాల్సింది బాకీదారు ఆస్తినే తప్ప, తర్వాత వచ్చిన అద్దెదారుది కాదు.

నాలుగు కవర్లు టీవీ పక్కన పెట్టాను. అయిదోది రిజిస్టర్ పోస్టు. పోస్ట్‌మాన్ తొందరలో ఉన్నాడని సంతకం పెట్టి తీసేసుకున్నా. పక్క పోర్షన్‌లోని రిటైర్డ్ కోర్టు గుమస్తాగారు తల పట్టుకున్నారు. ‘‘అది చెక్ బౌన్స్ నోటీసయితే? సెక్షన్ 138 కింద, నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టాలి. లేకపోతే కేసే. మీ సంతకంతో ఆయనకు అందినట్టు లెక్క. ఆయనకేమో సంగతే తెలీదు!’’

అప్పటిదాకా నా తలనొప్పే చూసుకున్నాను గానీ, ఆయన మెడ మీద కత్తి తోచలేదు.

ఆయన చెప్పినట్టే చేశాం. కవర్లు విప్పలేదు. ‘ఈ అడ్రసులో లేరు, పంపినవారికి తిప్పి పంపండి’ అని పైన రాసి పోస్టాఫీసులో ఇచ్చాం. ఫలానా తేదీ నుంచి మేమే ఉంటున్నామని, పాతవారితో బంధుత్వం లేదని బ్యాంకుకు ఉత్తరం రాసి, అద్దె అగ్రిమెంటు జిరాక్స్ జతచేశాం. రసీదు దాచుకున్నాం. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీదారుకే ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది. ఇక మనల్ని బెదిరించడమేమిటి?

ఒక్క చిక్కుంది. నోటీసు ఇంటి ఓనరు పేరున ఉంటే తేలిగ్గా తీసుకోకండి. ఇల్లే తాకట్టులో ఉండొచ్చు. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల గడువిచ్చి, ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. ఆ నోటీసు గోడకు అంటిస్తారు, పేపర్లోనూ వేస్తారు. అడ్వాన్సు కట్టే ముందే అడిగేయడం మేలు.

ఓనరుగారి దగ్గర నంబరు తీసుకుని పాతాయనకు ఫోన్ చేశాను. కాసేపు మాటలేదు. సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర కలిసి నోటీసులో వివరాలు రాసుకున్నారు. ‘‘అడ్రసు మార్పించలేదండీ, పొరపాటయింది’’ అన్నారు, టీ డబ్బులు కూడా ఆయనే ఇస్తూ.

తర్వాత ఆయన పేరున కవరు రాలేదు. నిన్న మరొకటి వచ్చింది, ఆయనకంటే ముందున్నవారి పేరున.