పాత బుల్లెట్టు, జీర్ణోద్ధారణ ధర్మం

జీర్ణోద్ధారణ అనే పదం వినగానే ఆస్తికుల మనస్సు దేవాలయ గోపురం వైపు వెళ్తుంది. ఆ పదానికి మూలమైన ధర్మం మాత్రం గోపురానికే పరిమితమైనది కాదు. మానవుడు నిర్మించి, వాడి, కాలానికి అప్పగించిన ప్రతి వస్తువు విషయంలోనూ ఏదో ఒక దినాన అదే ప్రశ్న ఎదురవుతుంది. దేనిని నిలుపుకోవాలి? దేనిని మార్చాలి? మార్చిన తరువాత అది ‘అదే వస్తువు’ అని ఏ ఆధారంతో చెప్పగలం? ఈ ప్రశ్న నేడు అనేక గృహాల వసారాలలో, పాత పట్టా కింద, రెండు చక్రాల మీద నిలబడి ఉన్నది. తండ్రి నడిపిన బుల్లెట్టు మోటారుసైకిలును కుమారుడు ఇంటివద్దనే విప్పి, శుభ్రపరచి, మరల నడిచేటట్లు చేయాలని సంకల్పించడం ఇప్పుడు అరుదైన విషయం కాదు. సంకల్పం శ్లాఘనీయమే. అది నెరవేరుతున్న తీరు మాత్రం విచారణకు యోగ్యమై ఉన్నది.

ఈ యంత్రం చరిత్ర కొంత తెలియడం అవసరం. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ‘బుల్లెట్’ అనే పేరును 1932లో మొదటిసారి వాడింది. స్వాతంత్ర్యానంతరం మన సైన్యానికి సరిహద్దు గస్తీ నిమిత్తం ఈ బండ్లు అవసరమయ్యాయి. 1955లో మద్రాసు మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, మద్రాసు నగరపు ఉత్తరాన తిరువొత్తియూరులో కర్మాగారం నెలకొన్నది. త్యాగరాజస్వామివారు త్రిపురసుందరీ అమ్మవారిపై పంచరత్న కృతులు గానం చేసిన క్షేత్రం అదే. మొదట విడిభాగాలను తెప్పించి కూర్చేవారు. 1962 నాటికి భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. జన్మస్థానమైన రెడిచ్ కర్మాగారం తరువాత మూతపడినా, యంత్రం ఇక్కడ అర్ధశతాబ్దానికి పైగా దాదాపు అదే రూపంతో కొనసాగింది. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, 346 సి.సి. పోత ఇనుప సిలిండరు. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఒక కాలపు తెలుగు గ్రామాలలో దాని శబ్దాన్నిబట్టే వచ్చినవారెవరో ఇంటిలోనివారు గుర్తించేవారు.

ఇక పూర్వపక్షం. ‘జడమైన ఇనుము మీద ఇంత మమకారమేల? జీర్ణవస్త్రాలను విడిచినట్లు దేహాన్నే విడువవలసి ఉండగా, బండిని పట్టుకొని వేలాడడం మోహం కాదా?’ అని కొందరు సాధకులు ఆక్షేపిస్తారు. గీతాచార్యుడు జీర్ణవస్త్ర దృష్టాంతాన్ని చెప్పినది దేహి నిత్యత్వాన్ని బోధించడానికి. చిరుగును కుట్టుకొని కట్టుకోదగిన వస్త్రాన్ని వీథిలో పారవేయమనడం అందులోని తాత్పర్యం కాదు. వస్తువును పోషించడం వేరు, వస్తువు చేత బంధింపబడడం వేరు. అర్చకుడు ప్రతి ఉదయం ఇత్తడి పాత్రలను చింతపండుతో తోమి తళతళలాడిస్తాడు. ఆ పాత్రల మీద వ్యామోహంతో తోముతున్నాడని ఎవరూ అనరు. తనకు అప్పగింపబడినదానిని చెడనీయకుండా చూడడం ధర్మం. దానిని ‘నాది’ అని చాటుకోవడం మమకారం. యంత్రం ఒకటే అయినా భావం రెండు విధాలు.

నిజమైన లోపం మరొకచోట ఉన్నది. పాత బండిని ఉద్ధరిస్తున్నామనే పేరుతో అనేకులు దానిని నశింపజేస్తున్నారు. మడ్‌గార్డులు కోసివేస్తారు. ఫ్రేము వెనుకభాగాన్ని కత్తిరించి క్రొత్త ఆకారం అతుకుతారు. ట్యాంకు మీద చేతితో గీచిన బంగారు గీతలను ఒక పూటలో ఎమ్రీ కాగితంతో అరగదీసి, అద్దంవంటి రంగు వేయిస్తారు. అరిగినదో లేదో కొలిచి చూడకుండానే పాత భాగాలన్నీ తుక్కుసామాను కొట్టుకు తూకానికి పంపుతారు. చివరకు మిగిలేది తండ్రి బండి నెంబరు తగిలించుకొన్న మరొక బండి. చూచినవారు మెచ్చుకొంటారు, ఇంటిలోని వృద్ధమాత మాత్రం ‘ఇది ఆయన బండిలా లేదు’ అని ఊరుకొంటుంది. ఆమె మాటలో తర్కశాస్త్రం ఎంతో ఉన్నది.

‘ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు’ అనేది వేదాంతులు తరచుగా చూపే ఉదాహరణ. ఒకనాడు ఒకచోట చూచినవానిని మరొకనాడు మరొకచోట చూచి, దేశకాలాది భేదాలను విడిచి, వ్యక్తి ఒక్కడేనని గుర్తించే జ్ఞానానికి ప్రత్యభిజ్ఞ అని పేరు. వస్తువుల విషయంలో ఇది అంత సులభం కాదని నైయాయికులు ఎరుగుదురు. వస్త్రం నుండి కొన్ని దారాలు పోతే పూర్వపు వస్త్రం నశించి, ఖండపటమనే వేరొక అవయవి పుట్టినదని వారి సిద్ధాంతం. దీపజ్వాల క్షణక్షణం మారుతున్నా ‘అదే జ్వాల’ అనిపించడం కేవలం సాజాత్యం వలన కలిగే భ్రమ అంటారు. బౌద్ధుల మిళిందప్రశ్నలో నాగసేనుడు రథం అవయవాలను ఒక్కొక్కటిగా చూపి, వీటిలో రథమనేది ఏదని రాజును ప్రశ్నించడం ప్రసిద్ధమే. అద్వైత దృష్టిలో రథమైనా బుల్లెట్టైనా నామరూపాత్మకమే, వ్యావహారిక సత్యమే. వ్యావహారికమైనంత మాత్రాన వ్యవహారంలో విధినిషేధాలు లేవని అర్థం కాదు. వ్యవహారం ఉన్నంతవరకు దానికి తగిన ప్రమాణం కావలసిందే.

ఆ ప్రమాణానికి ఆగమశాస్త్రంలో చక్కని ఆదర్శం లభిస్తుంది. భగవన్మూర్తికీ బండికీ సామ్యం చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. విధానంలోని వివేకమే గ్రాహ్యం. జీర్ణోద్ధారణలో అంగ, ఉపాంగ, ప్రత్యంగ విచారణ ఉన్నది. ప్రధానాంగానికి భంగం కలిగితే ఒక విధి, చిన్న అవయవానికి లోపం కలిగితే మరొక విధి. పీఠాన్నీ బింబాన్నీ బంధించే అష్టబంధనం కాలక్రమాన ఎండి బీటలు వారుతుంది కనుక దానిని నూతనంగా వేస్తారు, బింబాన్ని మార్చరు. తిరుమలలో పన్నెండేళ్లకొకసారి జరిగే ఈ కార్యం 2018 ఆగస్టులో జరిగింది. పూరీలో దారువిగ్రహాలకు నవకళేబర విధానం వేరు. అక్కడ దారువే మారుతుంది. లోపలి బ్రహ్మపదార్థం మాత్రం పాతమూర్తి నుండి క్రొత్తమూర్తికి చేరుతుంది. 1996 తరువాత 2015లో అది జరిగింది. శిలకు ఒక ధర్మం, దారువుకు ఒక ధర్మం. రెండింటిలోనూ దేనిని మార్చరాదో ముందుగా నిర్ణయమై ఉన్నది. మార్పు ఆ నిర్ణయానికి లోబడి జరుగుతుంది.

ఆశ్చర్యమేమనగా, లౌకిక శాసనం కూడా ఈ వివేకానికి దగ్గరగానే వచ్చింది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా నమోదు చేయవచ్చు. షాసీలో, బాడీలో, ఇంజనులో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు. మూలరూపం నిలిచి ఉండాలి. ఇట్టి నమోదు పదేళ్లు చెల్లుతుంది. ఆ వాహనాన్ని నిత్యప్రయాణానికి గాని, వ్యాపారానికి గాని వాడరాదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు తీసికొనిపోవచ్చు. మడ్‌గార్డులు, ఫ్రేము కోసి ‘ఉద్ధరించిన’ బండి ఈ గౌరవానికి అర్హత కోల్పోతుంది.

కనుక ఇంటివద్ద ఈ కార్యానికి పూనుకొనేవారు మొదట పానా పట్టరాదు. కొలత పట్టాలి, చిత్రం తీయాలి. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. ఫ్రేము, ఇంజను కేసు, మూలపు ట్యాంకు, హెడ్‌లైటు చుట్టూ ఉన్న టోపీవంటి కవచం, దాని ఇరుప్రక్కల ఉండే చిన్న టైగర్ దీపాలు ప్రధానాంగాలు. వీటికి చికిత్సయే గాని త్యాగం లేదు. సొట్ట ఉంటే లోపలినుండి తట్టి సరిచేయించాలి, తుప్పు ఉంటే నిదానంగా కరిగించాలి. పాత రంగు నిలిచి ఉన్నంతమేర నూనెగుడ్డతో తుడిచి ఉంచడమే ఉత్తమం. మోకాళ్లు తాకి తాకి ట్యాంకు మీద రంగు పలుచనైన చోటు లోపం కాదు. అది ఆ నడిపినవాని ముద్ర.

పిస్టన్, రింగులు, బేరింగులు, వాల్వులు ఉపాంగాలు. వీటి విషయంలో తొందర పనికిరాదు. సిలిండరు అరిగినదని తోచగానే లేతు దుకాణానికి పంపి బోరు పెంచి, ఓవర్‌సైజు పిస్టన్ వేయించడం పరిపాటి అయింది. ప్రతి బోరుకూ కొంత ఇనుము శాశ్వతంగా పోతుందని మరువరాదు. పదిచోట్ల కొలిచి చూచి, అవసరమని తేలితేనే ఆ పని చేయించాలి. వాల్వు కూర్చునే చోటును పేస్టుతో చేతితో నూరి సరిచేయడం జపంవంటి పని. కొంచెం త్రిప్పడం, ఎత్తడం, మరల త్రిప్పడం, చుట్టూ సమానమైన బూడిదరంగు వలయం కనిపించేవరకు ఓర్పుతో సాగించడం. ట్యాపెట్లు సరిచేసేటప్పుడు ఇంజను చల్లగా ఉండాలి. పుష్‌రాడ్ వ్రేళ్లతో త్రిప్పితే తిరగాలి, పైకీ క్రిందికీ మాత్రం ఆడరాదు. గ్రంథం చదివి ఇది పట్టుబడదు. ముప్ఫై నలభై ఏళ్లుగా ఈ బండ్లనే విప్పుతున్న వృద్ధ మెకానిక్కు ప్రక్కన కూర్చుండి నేర్చుకోవాలి. ఆయనను గురువుగా భావించి ‘అయ్యా’ అని పిలువడానికి విద్యావంతులు సంకోచించరాదు.

గ్యాస్కెట్లు, రబ్బరు భాగాలు, కేబుళ్లు, వైర్లు ప్రత్యంగాలు. అష్టబంధనం వలె ఇవి మారవలసినవే. టైర్లు, బ్రేకు లైనింగులు, పెట్రోలు గొట్టాల విషయంలో ‘మూలరూపం’ అనే పట్టుదల అవివేకం. కొందరు తయారీనాటి టైరే ఉండాలని బీటలు వారిన రబ్బరు మీద బండి నడుపుతారు. ప్రాణానికి హాని చేయగల భక్తి భక్తి కాదు. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు తేమను ఆకర్షిస్తుంది, పాత రబ్బరును చెరుస్తుంది. దేశకాలాలను గమనించి గొట్టాలు, సీళ్లు మార్చాలి. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కనుక ఆ ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడవాలి. పెట్రోలు ఆవిరి మిగిలిన ట్యాంకుకు ఇంటివద్ద వెల్డింగు పెట్టరాదు. పిల్లలు తిరిగే వసారాలో ఈ నియమాలు మంత్రలోపం కన్నా ముఖ్యమైనవి.

ఇన్నిటికీ పైన సత్యం ఉన్నది. ఇంజను, షాసీ నెంబర్లు ఆ యంత్రానికి గోత్రనామాలవంటివి. తుప్పుపట్టి కనిపించని నెంబరును తోచినట్లు మరల చెక్కించడం, ఒక బండి ఫ్రేముకు మరొక బండి ఆర్.సి. జతచేయడం నేరం, అధర్మం కూడా. అధికారుల వద్దకు వెళ్లి విధివిహితంగా సరిచేయించుకోవడమే మార్గం. అట్లే ఏ భాగం మూలమైనది, ఏది మార్చబడింది, ఎప్పుడు మార్చబడింది అనేది ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. రేపు ఆ బండిని కొనువారికైనా, వారసత్వంగా పొందు మనుమడికైనా ఆ పుస్తకం అందాలి. మార్చినదానిని మార్చినట్లు చెప్పినప్పుడే ‘అదే బండి’ అనే ప్రత్యభిజ్ఞకు ఆధారం నిలుస్తుంది. దాచినచో భ్రమయే మిగులుతుంది.

ప్రతి బండినీ ఉద్ధరించవలసినదేనా అంటే, కాదు. ఫ్రేము విరిగి, ఇంజను కేసు పగిలి, కాగితాలు లేక, ప్రధానాంగాలే నశించినప్పుడు విసర్జనం కూడా శాస్త్రసమ్మతమే. పనికివచ్చే భాగాలను మరొక బండిని నిలబెట్టుకొంటున్నవారికి ఇచ్చివేయడం దానమవుతుంది. అప్పులు చేసి, ఇంటి అవసరాలను ప్రక్కనబెట్టి బండికి క్రోముపూత పూయించేవారు తండ్రిని స్మరిస్తున్నారో, తమను తాము అలంకరించుకొంటున్నారో ఏకాంతంలో ప్రశ్నించుకోవాలి. ఏటా ఆయుధపూజనాడు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు సమర్పించి, ఏడాది పొడవునా ఇంజను ఆయిలు మార్చనివారు కూడా ఇదే ప్రశ్న వేసికొనవచ్చు.

వసారాలో బండి విప్పబోయే గృహస్థుడు మూడు విషయాలు నిశ్చయించుకొంటే చాలు. నిలిచి ఉన్నదానిని నిలపడం, ప్రాణరక్షణకు అవసరమైనదానిని సందేహించకుండా మార్చడం, చేసినదానిని యథార్థంగా వ్రాసి ఉంచడం. పని నెలలు పట్టవచ్చు, ఏడాది కూడా పట్టవచ్చు, తొందరపడవలసినది లేదు. పూర్తయిన దినాన కిక్కు కొట్టి, ముందుగా ఇంటి పెద్దలకు ఆ శబ్దం వినిపించాలి. వారు గుర్తించినచో జీర్ణోద్ధారణ సఫలమైనట్లే.

స్వస్తి.